కండ్లు విప్పేదాకా

అచ్చంపేట డిపోల రెండు రోజులు సెలవడిగిన.
"పెండ్లా, చావా?" అన్నడు కంట్రోలరు.
గోడలకు జాజు పూయాలె, అన్న.
నవ్విండు. సంతకం పెట్టిండు.

వానకాలమంత చెమ్మ తాగిన గోడ
పొక్కులు పొక్కులు లేశింది.
జాజునీళ్లు మోచేతుల దాకా కారి
కొంగు ఎర్రవడ్డది.
అందినకాడికే పూసిన.
ఆ పైన పోయినేడాది రంగు.
ఉండనీ.

మన్ననూరు ట్రిప్పుల ఒక ముసలామె
చిల్లర లేక ఇచ్చిన గునుగుకట్టను
పిడి ఊడిన కుక్కర్ల నిలవెట్టిన.
నీళ్లు పోయలే.
గునుగు ఎండినా గునుగే.

ఎన్నిసార్లు ఉతికినా నూనెవాసన పోని
పుట్టపాక రుమాలు కిటికీకి కట్టిన.
ఆశ్వయుజం ఎండ దాన్ల నుంచి దిగి
నేలమీద ఎర్రగ, మెల్లగ
చోటు చూసుకొని కూసుంది,
సీటు దొరికిన మనిషి లెక్క.

గడియారంల సెల్లు తీసి టార్చిల వేసిన.
ఆరేండ్ల సంది నిమిషాలు చింపి
జనం చేతులల్ల పెట్టినదాన్ని.
ఇయ్యాల నాకు ఒక్కటే పని:
బియ్యం డబ్బాల నాలుగు సీతాఫలాలు.

పొద్దుగాల తడిమిన, రాయి.
పగటీలి తడిమిన,
ఒకదానికి చెంపకాడ కొంచెం మెత్తదనం.

"కార్బైడు పొట్లం వెట్టరాదు,
రాత్రికల్ల పండుతయి," అంటది నిరంజనమ్మ
గోడ మీదికెళ్లి.
వద్దక్కా,
వాటి కండ్లు వాటినే విప్పనీ.

ఎల్లుండి నాలుగున్నరకు ఫస్టు బస్సు నాదే.
ఆ సంగతి
పండ్లకు తెల్వది.
నేను చెప్పలే.