తరుగు

పొద్దుగాల ఆరింటికే మిల్లు గేటు కాడ
ట్రాక్టర్లు వరుస కట్టి ఉంటయి.
తేమ మిషన్ల గుప్పెడు వడ్లు పోస్త,
పదిహేడున్నర.
ఇంకో గుప్పెడు అరచేతుల పోసి
బొటనవేలితోటి నలుపుత.
పొట్టు ఊడి తెల్లగింజ బయటపడితే
విరిగిందా, నిలిచిందా చూస్త.
మిర్యాలగూడ దుమ్మంత
నా కనురెప్పల మీదనే పడుతది.

అరవై ఒకటో ఏట శాలువ కప్పి
గోడగడియారం చేతుల పెట్టి పంపిన్రు.
అది పది కొట్టంగనే
కాళ్ళు చెప్పులు దేవులాడుకునేటియి.
అండాలు అన్నది:
"నా పోపుల డబ్బకు గూడ ఆడిట్ చేస్తున్నవు,
ఏడికన్న పోరాదు."
నిజం చెప్పాల్నంటే అదొక్కటే కాదు.
కమ్యుటేషన్ కోత ఉన్నది. రావాల్సిన బకాయి రాలే.
ఆమె మోకాళ్ళకు మూడు నెలలకో సూది.
ముప్పై మూడేండ్లు ఒకల కోతలు నేను రాసిన,
ఇప్పుడు నా కోత ఎవరో పిలగాడు రాస్తడు
దేవరకొండ సబ్‌ట్రెజరీల
నా కుర్చీల కూసోని.

సేటు హాజరు బుక్కుల నా పేరు రాయడు.
శనివారం కవరిస్తడు,
మీద "ట్రెజరీ సారు" అనుంటది, అంతే.
ట్రెజరీల నేను బతికున్న, పని చేస్తలేను.
మిల్లుల పని చేస్తున్న, లేను.

నవంబరొస్తే బిచ్యానాయక్ యాదికొస్తడు.
కాల్వ మీద లష్కరు పని చేసి దిగినోడు.
ఏటా సంతకానికొచ్చేటోడు,
తలగుడ్డల గడ్డిపోచనో పత్తిపింజనో ఇరికి ఉండేది.
"ఎక్కడా ఉద్యోగం చేయుటలేదు" అనే గడి కాడ
పెన్ను ఆపి గద్దించిన ఒకసారి:
"పెన్షన్ తినుకుంట మళ్ళ కూలికి పోతున్నవా?"
కూలి పని ఆ గడిలకు రాదని నాకెరుకే.
ఊకెనే అన్న. ఆనాడు కరెంటు లేదు, ఫ్యాను తిరుగుతలేదు.
పండ్లు లేని నోటితోటి నవ్విండు.
"సర్కారు నోటికిస్తది సారూ,
చేతులకేమిస్తది?"

రెండేండ్లకు ఆయన రాలే.
పేరు మీద ఎర్రసిరా గీత కొట్టింది నేనే.

మొన్న ధర్మకాంటా మీంచి దిగినొకడు
నా మొఖం దిక్కే చూసుకుంట నిలబడ్డడు.
"మా నాయినకు పెన్షనిచ్చిన సారువు గాదూ?"
అవే దవడలు.
తండ కాడికి లిఫ్టు నీళ్ళొచ్చినయట,
నాలుగెకరాలు వరి పెట్టిండట.
తేమ పందొమ్మిది.
గాజు తలుపు ఎనకాల సేటు కొడుకు.
క్వింటాలుకు మూడు కిలోలు తరుగు రాయాలె.
సైదులు భుజం మీద బస్తాతోటి ఆగిండు,
నేనేం రాస్తనో అని.

మూడే రాసిన.

పిలగాడు చీటీ మడతపెట్టి అంగి జేబుల పెట్టుకున్నడు,
నాయిన పాస్‌బుక్కు పెట్టుకున్నంత పైలంగ.
"చాయ తాగుదాం రా సారూ" అన్నడు.
పనుందన్న.

ఇయ్యాల మీసేవకు పోయిన,
బతికున్ననని చెప్పనీకి.
బొటనవేలు పెడితే ఎర్రలైటు.
అంగికి తుడిసి పెట్టిన, ఎర్రలైటు.
తవుడు, పొట్టు, దినాం రెండొందల గుప్పిళ్ళు,
గీతలెప్పుడు పోయినయో నేనే సూస్కోలే.
కౌంటరు కాడి పిల్ల నా వేలు పట్టుకొని
వెలుతురుకు తిప్పి చూసింది.
"మొత్తం అరిగింది తాతా, ఏం పని చేస్తవ్?"

నాలిక చివర దాక వచ్చింది.
"ఏం లేదు బిడ్డా, రిటైరైన."

"ఇంకో వేలు పెట్టు మరి."

చిటికెనవేలు పెట్టిన.
మిషను కొద్దిసేపు ఆలోచన చేసింది.