నూరేళ్ల పట్టిక

లండన్, ఫెటర్ లేన్. నవంబరు ముసురు.
మెటల్ డిటెక్టర్ పక్కన ప్లాస్టిక్ ట్రేలో
ఒక భూతద్దం, రెండు పుదీనా బిళ్లలు,
గూల్ నుంచి రానూపోనూ రైలు టికెట్టు.

లోపల కోర్టు హాల్లో
లక్షా నలభై వేల యాన్యుటీ పాలసీలు
ఒక కంపెనీ ఒడిలోంచి ఇంకో కంపెనీ ఒడిలోకి
మారడానికి సంతకం ఒక్కటే తక్కువ.
పెద్ద లాయరు నలభై నిమిషాలు మాట్లాడాడు.
ఎవరికీ చెప్పుకోదగ్గ నష్టం లేదన్నాడు.
ఆ మాట మా నివేదికలోదే, రెండొందల పన్నెండో పేజీ.
ఆ లెక్కలు కట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

అభ్యంతరాలెవరికైనా ఉన్నాయా అంటే
మావిస్ డ్రూరీ లేచింది.
కోటు విప్పలేదు. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"ఉత్తరం రెండుసార్లు చదివాను మై లేడీ,
రెండోసారి అద్దం పెట్టి.
మా లెన్ రేవులో ముప్పై ఒక్కేళ్లు బొగ్గు ఎత్తాడు.
దాచిందంతా తీసుకెళ్లి హాల్డెన్ మ్యూచువల్‌లో పోశాడు.
ఎందుకంటే, సోమవారం సోమవారం
వాళ్ల గుమ్మం ఎవరో కడిగేవారు,
మోకాళ్ల మీద కూచుని, బ్రష్షుతో.
గుమ్మం కడుక్కునేవాళ్లు మాట తప్పరన్నాడు."

"ఆ ఆఫీసు ఇంకా ఉందా?" జడ్జిగారు అడిగారు.

"లేదు. గోళ్లకు రంగులేసే కొట్టు పెట్టారు."

నవ్వబోయిన లాయరు కాగితాల్లో తల దూర్చాడు.

"నెలకి నూట పద్నాలుగు పౌన్ల అరవై పెన్నీలు.
ఆగిపోతుందని కాదు.
లెన్ వీళ్లకిచ్చాడు. వాళ్లకివ్వలేదు.
అంతే నేను చెప్పేది."

నా లాప్‌టాప్‌లో ఆమె ఒక వరస.
స్త్రీ. ఎనభై నాలుగు. భర్త లేడు.
ఇక మిగిలిన ఏళ్లు, అంచనా: ఆరు పాయింట్ మూడు.

చిన్నప్పుడు నేను తుమ్మితే
మా మేనత్త "చిరంజీవ" అనేది.
రెండోసారి తుమ్మితే "శతాయుష్షు".
నా ఉద్యోగంలో ఆ దీవెన పేరు రిస్కు.
అనుకున్నదానికన్నా ఎవరు ఎక్కువ బతికినా
ఎక్కడో ఒక గడి ఎర్రబడుతుంది.

విరామంలో కాఫీ మిషను దగ్గర
"నువ్వు ఏ కంపెనీ పిల్లవి?" అంది.
ఏదీ కాదు, మధ్యవర్తుల తరఫు అన్నాను.
"కొత్తవాళ్లు మంచివాళ్లేనా?"
నా దగ్గర జవాబుంది: మూలధనం నూట డెబ్బై రెండు శాతం.
నోట్లోంచి మాత్రం
"బాగానే చూసుకుంటారండీ" అని వచ్చింది,
అప్పగింతలప్పుడు పెద్దవాళ్లు అనే మాట,
ఎవరూ పూచీ పడని మాట.
ఆమె ఒక పుదీనా బిళ్ల నా చేతిలో పెట్టింది.

మూడు వారాలకు తీర్పు. అరవై ఒకటో పేరాలో
శ్రీమతి డ్రూరీ మర్యాదగా, స్పష్టంగా మాట్లాడారని ఉంది.
ఆమె బాధ అర్థమైందని ఉంది.
తర్వాతి మాట "అయినా".

డిసెంబరు ముప్పై ఒకటి దాటిన మొదటి నిమిషం,
థేమ్స్ మీద తారాజువ్వలు విచ్చుకుంటుంటే
లక్షా నలభై వేల మంది
నిద్రలోనో మత్తులోనో చేతులు మారారు.
ఎవరికీ మెలకువ రాలేదు.

జనవరిలో ఆఫీసు తెరిచిన రోజు
చుట్టూ ఎవరూ లేరని చూసి
ఆ వరస తెరిచి, పాయింటు తర్వాతి మూడు మీద వేలు పెట్టి
"నష్టం తేమ్మా" అన్నాను.
"బోలెడంత."

ట్రేలో మరిచిపోయిన భూతద్దం పోస్టులో పంపాను.
ఫిబ్రవరిలో కార్డు వచ్చింది, వంకర రాత:
డబ్బు పడింది. సరిగ్గా అంతే.
కొత్త పేరు పొడుగు, బ్యాంకు కాగితం మీద పట్టలేదు,
చివరి రెండక్షరాలు తెగిపోయాయి.
నీకు వీలైతే
వాళ్ల గుమ్మం ఎక్కడుందో కనుక్కుని చెప్పు.