మోత దారిలో ఉంది

బెజవాడ ఆటోనగర్‌లో లేత్ ఆగాక
షట్టర్ సగం దించి మొదలెడతాం.

సుభానీ కర్ర ఎత్తుతాడు, కొట్టడు.

సూళ్లూరుపేట అవతల, పులికాట్ గట్టు మీద
మొన్న అలాగే నిలబడ్డాం:
నిప్పు మబ్బులోకి వెళ్లిపోయింది,
ఒక్క చప్పుడూ లేదు,
పల్లీలమ్మే ఆవిడ చిల్లర లెక్కపెడుతూనే ఉంది.
అప్పుడొచ్చింది మోత
చెవిలోకి కాదు, పక్కటెముకల్లోకి.

పాటకి మాటలింకా కుదర్లేదు.
మెర్సీ రాసిన మూడు చరణాలూ కొట్టేశాం,
'నింగి' అన్నచోటల్లా అబద్ధంలా ఉంది.

కుదిరింది ఆ ఖాళీ ఒక్కటే.
గిటారు తీగ మీద వేలు, ఆంప్‌లో సన్నటి గుర్రు,
బందరు రోడ్డు మీద ఏదో లారీ,
ముప్పై, ముప్పై ఒకటి...

పక్క షెడ్డు వెల్డరు తొంగిచూశాడు:
"ఏంట్రా, కరెంటు పోయిందా?"

సుభానీ నవ్వాపుకుంటూ
ఇంకా లెక్కపెడుతున్నాడు.