సీడు పరీక్ష

భీమవరంలో ఏసీ హాలు.
"ఇరవై ఒక్క రోజుల్లో మీ కాపురం కొత్తగా" అని బ్యానరు.
పద్దెనిమిది వేలు, ముందే కట్టాలట.
గోడ నిండా నవ్వే జంటలు,
ఒక్క ఫొటో కిందా ఊరి పేరు లేదు.

"ఎవరికైనా కుదరకపోయిందా?" అన్నాను.
"మా దగ్గర ఆ మాటే లేదమ్మా."

రొయ్య సీడు కొనేదాన్ని నేను.
పిల్ల మొత్తం బతుకుద్దన్న హేచరీలో
మరి సంచీ విప్పించను.
గిన్నెడు మంచినీళ్ళలో వంద పిల్లల్ని వదిలి
అరగంట అక్కడే కూర్చుని
చచ్చినవి లెక్కపెడతాను.

నరసాపురంలో ఎస్తేరు గారింట్లో
కుట్టుమిషను పక్కన రెండు కుర్చీలు.
"పోయినేడు తొమ్మిది జంటలొచ్చాయి.
నాలుగు విడిపోయాయి.
అందులో ఒకామెని నేనే పుట్టింటికి పంపేశాను,
వాడు కొడుతున్నాడు."
డబ్బు సంగతి అడిగితే
"ముందు రెండుసార్లు రండి, చూద్దాం" అంది.

తిరిగొస్తుంటే చించినాడ వంతెన మీద
బండి ఆపాడు సూరిబాబు.
ఎనిమిది నెలలుగా
"అన్నం", "తాళాలు", "కరెంటు పోయింది" తప్ప
నాతో మాటల్లేని మనిషి.
"ఆవిడ పోయినవి కూడా చెప్పింది, చూశావా?"

కింద వశిష్ఠ పోటు మీదుంది.
ఊఁ అన్నాను.
ఇంకా అరగంట కాలేదు.