నిల్

ఊరి పేరు నిల్.
వర్క్ ఆర్డర్‌లో మొదటిసారి చూసి
ఏమీ లేదని రాశారనుకున్నాను.
మెల్‌బోర్న్ దాటి నాలుగున్నర గంటలు,
రెండు వైపులా కోసేసిన గోధుమ కొయ్యకాళ్లు,
వ్యాన్ మీద నిచ్చెన, సీట్లో మీటరు,
చలికి మాట వినని పది వేళ్లు.

ఏ ఇంట్లోనైనా మొదటి ప్రశ్న ఒకటే:
ఎంత స్పీడొస్తుంది?
పెళ్లివాళ్లు జీతమెంత అని అడిగినట్టు.
మనిషి నిలకడ గురించి
తర్వాతెప్పుడో, వీధిలో ఆరా తీస్తారు.

ఊరి చివర ఎహ్ సో ఇంటి కప్పు మీద డిష్,
మూడు కిలోమీటర్ల అవతల టవర్‌ను చూస్తూ.
మధ్యాహ్నం డెబ్బై మెగాబిట్లు.
సాయంత్రం ఏడింటికి ఊరంతా అన్నాలు తిని కూర్చున్నాక
తొమ్మిది.
బాతుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి అతను వచ్చేది
సరిగ్గా ఏడింటికే.
పైగా, మధ్యలో ఒక యూకలిప్టస్
ఏడాదికి మూరెడు ఎదుగుతోంది.
దానికి మాత్రం ఎవరు చెప్తారు.

క్లెమ్ షిర్మర్‌ది శాటిలైట్.
పొలం నడుమ ఇల్లు, పలకరించడానికి గాలి తప్ప దిక్కులేదు.
మీటర్లో అంకె చూస్తే ముచ్చటేస్తుంది.
కానీ గొర్రెల వేలంలో అతని వేలు నొక్కిన ధర
ముప్పై ఆరువేల కిలోమీటర్లు పైకెక్కి
అంతే దూరం కిందికి దిగేలోపు
సుత్తి పడిపోయింది.
"వేగం ఉంది, ఆలస్యమూ ఉంది,
రెండూ ఒకే బండిలో ఎలా పట్టాయి?" అన్నాడు.
పెద్ద లారీ, దూరపు దారి అన్నాను.
నవ్వలేదు. గొర్రెలు మంచివట.

కొత్త క్లినిక్‌కి గాజు తీగ.
వెంట్రుకంత. పొద్దున ఎంతో రాత్రీ అంతే.
దాని గురించి రాయడానికేమీ ఉండదు,
మంచి కాపురం గురించి లేనట్టే.
మార్చిలో ఎవడో డ్రైనేజీకి తవ్వుతూ
ఒక్క దెబ్బకి తెంపేదాకా. నాలుగు రోజులు.

చివరి టికెట్టు మెర్ల్ హాడ్జెట్.
ఎనభై ఒకటి. పాత రాగి తీగ.
పదకొండు మెగాబిట్లు, "నాకు అందులో పది ఎక్కువే" అంది.
పెరట్లో వానను కొలిచే గొట్టం.
నలభై మూడేళ్లుగా రోజూ తొమ్మిదింటికి
వాతావరణ ఆఫీసుకి ఒకే ఒక అంకె పంపుతుంది.
ఎక్కువ రోజులు అది సున్నా.
నోట్‌బుక్కు చూపించింది: నిల్. నిల్. నిల్.
పేజీలకు పేజీలు ఊరి పేరే.

సున్నాలన్నీ ఠంచనుగా వెళ్తాయి.
వాన పడిన రోజే లైను పడిపోతుంది.
చెప్పడానికి ఏదైనా ఉన్న రోజునే
నోరు పెగలదు.

గేటు పక్క గుంత మూత ఎత్తాను.
జాయింటుకి ఎప్పటిదో బ్రెడ్డు కవరు చుట్టి ఉంది,
లోపల చీమలు కాపురముంటున్నాయి.
నా ముందొచ్చిన ముగ్గురు
ఎండ రోజున వచ్చి, మీటరు పెట్టి,
అంతా బాగుందని సంతకం చేసి వెళ్లారు.
నేనూ ఎండ రోజునే వచ్చాను.
మోకాళ్ల మీద కూర్చుని, పచ్చగా చిలుమెక్కిన తీగను
మెరిసేదాకా కోసి, కలిపి, జెల్లు నింపాను.
చీమలకు క్షమాపణ తెలుగులోనే చెప్పాను.

టీ ఇస్తూ ఏం గొణిగావంది.
అది చెప్పలేక, మాట మార్చాను:
మీ ఊరి పేరుకి ఒక కొమ్ము తగిలిస్తే
మా భాషలో నిలు. పడకుండా ఉండమని.
"నిలూ" అంది, బిస్కెట్టు ముంచుతూ.
మళ్లీ అంది.

మూడు వారాలకు, కనీవాలో పెట్రోలు పోసుకుంటుంటే
రేకుల కప్పు మీద కుండపోత,
పంపు మీటరు చప్పుడే వినపడనంత.
ఫోన్ వణికింది. తొమ్మిదీ రెండు.

పద్నాలుగున్నర మిల్లీమీటర్లు.
వెళ్లింది.