సుబీరాకి ఓపిక లేదు

ఏడో రోజు.
వాకిట్లో చాపల మీద లవంగాలు ఎండుతున్నాయి,
పెంబా దీవంతా ఇదే ఘాటు ఈ నెలలో.
పసిగుడ్డు తుమ్మింది.
మా అమ్మ బీ మిజా, ఆ తుమ్ము కోసమే కాచుకున్నట్టు,
"సుబీరా అని పిలుద్దాం" అంది.

మా తమ్ముడు ఫకీ లూలూ అనుకున్నాడు, ముత్యమని.
తాంగా నుంచి పడవలో వస్తూ
దారంతా ఆ పేరే నములుకుంటూ వచ్చాడట.
అమ్మ మాట విని నోరు మూసుకున్నాడు.

మూసుకోనిది మ్వానహావా.
పదకొండేళ్లు.
మామిడిచెట్టు వెనక మూడు చిన్న గోరీలు,
గుర్తుకి రాయి కూడా లేనివి.
"ఓర్పంటే ఏంటో నాకు తెలుసు అత్తా.
నా మెడలో ఉంది, చాలదూ?
పిల్ల మెడలో కూడా ఎందుకు?"

ఎవరం మాట్లాడలేదు.
కోడొకటి వచ్చి లవంగాల్ని కెలికింది.

ఖురాను బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించేదాన్ని నేను,
తెలిసింది చెప్పకపోతే నిద్ర పట్టదు:
అరబ్బీలో అది సబ్ర్.
ఒకే ఊపిరి, పళ్లు బిగబట్టినట్టు.
ఈశాన్యపు గాలికి తెరచాప ఎత్తి వచ్చింది,
గాలి మళ్లేదాకా వెనక్కి పోలేక
మా రేవుల్లో నెలలకి నెలలు కూర్చుంది.
మా నోటికి హల్లు మీద హల్లు గిట్టదు,
ప్రతిదాని పక్కనా ఓ అచ్చుకి పీట వేస్తాం.
సు. బీ. రా.
ఓర్పు కూడా
మా దగ్గరికొచ్చాకే ఆగడం నేర్చుకుంది.

"నీ పాఠం తర్వాత" అని అమ్మ లేచి
గోడవార కలబంద మట్టొకటి విరిచి తెచ్చింది.
పసుప్పచ్చ రసం మణికట్టు మీదికి కారుతోంది.
"దీన్నేమంటాం? షుబీరి.
ఆ ఇంటి పేరే, ఆ అక్షరాలే.
రెండేళ్లకి పాలు మాన్పించేటప్పుడు
ఈ ముసాంబరమే రాసుకుంటావు రొమ్ముకి.
ఓర్పు తియ్యగా ఉంటుందని
నేనెప్పుడన్నానే?"

మ్వానహావా వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.
థూ అని ఊసింది.
ముఖం అంతా ముడుచుకుని, ఆ ముడతల్లోంచే
నవ్వింది.
ఒప్పుకుందో లేదో నాకు తెలియలేదు.

ఫకీ వంగి కుడి చెవిలో పేరు చెప్పబోయాడు.
సు— అన్నాడో లేదో
కెవ్వుమంది పిల్ల,
పిడికిళ్లు బిగించి, ఊరు లేచేలా,
తక్కిన రెండక్షరాలకీ చోటివ్వకుండా.

"వస్తున్నా సుబీరా, వస్తున్నా"
అంటూ పైట తప్పిస్తోంది వాళ్లమ్మ,
చేదంటిన వేలు చీరంచుకి తుడుచుకుంటూ.