రంపం మందం

బల్ల రెండు ముక్కలై వచ్చింది
ట్రాలీ ఆటోల.
చెరో ముక్క మీద చెయ్యేసి
చెరో దిక్కు చూసుకుంట
తోడికోడండ్లు మణెమ్మ, ఈదమ్మ.

కల్వకుర్తి బస్టాండు ముంగట వాళ్ల హోటలు.
పోయిన ఎండకాలం పంపకాలైనయి.
చాయ్ పెద్దోనికి, మిర్చి బజ్జీలు చిన్నోనికి.
పొయ్యిలు రెండున్నయి, సరిపోయినయి.
బల్ల ఒక్కటే ఉండె,
ఏడడుగుల మద్ది బల్ల.
పెద్దమనుషులు టేపు వెట్టి
మూడున్నర కాడ గీత గీసిండ్రు.

అప్పటి సంది ముక్కకు రెండే కాళ్లు.
తెగిన దిక్కు ఇటుకలు.
ఒకడు లేస్తే ఇంకొకడు
చాయ్‌తోని సహా ఒరుగుతడు.
"అన్నదమ్ములు మాట్లాడకపోతే మానె,
గిరాకీ కిందవడుతున్నది మోనాచారీ"
అన్నది ఈదమ్మ.
మణెమ్మ ఏమనలే.
తెగిన అంచు మీద గోరుతోని
ఏందో తడుముతున్నది.

మా నాయిన ముక్కలు తిప్పి తిప్పి చూసిండు.
"కుసి దియ్యాలంటే కట్టె ఏడున్నది?
ఒకదాని ఒంట్లకెల్లి రావాలె కుసి.
మూడించులు పోతది.
ఎవరి దిక్కు తగ్గియ్యాలె?"
ఇద్దరాడోళ్లు ఒక్కపారే తలకాయ లేపిండ్రు.

మిషను నేను నాంపల్లిల కొన్న, సెకండ్ హ్యాండు.
ఇంకా నాలుగు కిస్తులున్నయి.
దాని ముల్లు తిరుగుకుంటనే అటు ఇటు ఊగుతది.
వద్దు వద్దని తలకాయ ఊపుకుంటనే
బువ్వకు కూసున్న చుట్టం లెక్క
లోపలికి పోతది, అంటడు నాయిన.
ఉలి, కొడతి వట్టుకొని ఆయన పూటంత తొలిచేది
ఇది మూడంకెలు లెక్కవెట్టేంతల తొలుస్తది.
ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం.

ముక్కల్ని ఆనిచ్చి పెట్టి
అతుకు మీదికెల్లి పెన్సిలు గీతలు ఐదు.
కట్టె గీత మీద మిషను గీత.
ఒత్తిన.
పైన నూనె నలుపు, చాయ్ మరకలు.
లోపల మాత్రం ఇంకా చెట్టే.
ఎర్రటి పొట్టు, పచ్చి వాసన.

మొదటి బెజ్జం బిగువు.
తక్కిన నాలుగు
ఒక్క నూలు వదులు.
అన్నీ బిగువు పెడితే ఏదీ కూసోదు.
ఇది నాకెవరు నేర్పలే,
రెండు తలుపులు పాడు చేసినంక ఎరుకైంది.

నాయిన చేతులు వణుకుతయి ఇప్పుడు.
రందా మీద పెడితే మాత్రం నిలబడుతయి.
కంపెనీ బిళ్లలు పిరమని
మూలకు పడ్డ తుమ్మ ముక్కలేరి
అంచులు గుండ్రంగ తీసి
బాదం పలుకుల్లెక్క విడి కుసులు చేస్తడు.
"ఇవి ఎవరి దిక్కు కుసులే తాతా?"
మణెమ్మ పొద్దటి సంది నోరు తెరిసింది.
"ఎవరివీ గావు బిడ్డా" అని
పొట్టు ఊది, ఇంకోటి అందుకున్నడు.

గమ్ము పెట్టకముందు ఒకపారి ఎక్కిచ్చి చూసినం.
అటు మణెమ్మ, ఇటు ఈదమ్మ,
కాళ్లు తన్నిపెట్టి దొబ్బిండ్రు.
కుసులు కిర్రుమని పోయినయి.
ఇప్పి, గమ్ము రాసి, సికంజాలు బిగిచ్చి,
వీటినే నమ్మొద్దని
కింద ఒక టేకు పట్టీ గుడ కొట్టిన.
టేపు వెట్టి చూసిన.
ఏడడుగులకు ఒక నూలు తక్కువ.
అతుకు కాడ ఈనెలు
జరంత జరిగి కలిసినయి.

అప్పుడు చూసిన ఆ గాట్లు.
సదువు రాని వాళ్ల అత్త
పాలోనికియ్యాల్సిన లెక్క
బల్ల అంచున కత్తితోని గీసుకునేదట.
ఈదమ్మ అటుకెల్లి లెక్కవెట్టింది, ఇరవై.
మణెమ్మ ఇటుకెల్లి, ఇరవై.
"నలభై ఒకటుండె" అన్నది మణెమ్మ.
"నలభయ్యే. నువ్వెప్పుడు లెక్కవెట్టినవే అక్కా?"
"అత్త సచ్చిన నాడు."
"నడిమిది రంపం తిన్నదేమో."
"రంపం తింటే పాలోడు ఊకుంటడా?"

రేపు పొద్దుగాల దాక సికంజాలు ఇప్పొద్దని చెప్పిన.
ఇన్నరో ఇనలేదో.
ఆటో ఎప్పుడో పోయింది.
ఎండల నడుసుకుంట
నలభయ్యా నలభై ఒకటా అనుకుంట
బైపాసు మలుపు దాక
వాళ్ల గొంతులు ఇనవడుతనే ఉన్నయి.